మగగొంతులో రాణి పద్యం

మొన్న కాలేజీ పిల్లలిద్దరు మా ఇంటికి వచ్చారు. నాటకాల మీద ఏదో రాస్తున్నారట. ఇచ్చిన మంచినీళ్ళు ఇంకా గొంతు దిగకముందే, "అమ్మమ్మగారూ, సినిమా వచ్చి నాటకాన్ని చంపేసింది గదండీ, మీకు సినిమాలంటే కోపమా?" అని అడిగారు. అబ్బో! ప్రశ్నతో పాటు జవాబు కూడా సంచిలో పెట్టుకొచ్చారు. నాకు సినిమా అంటే కోపమని ఎవరు చెప్పారమ్మా మీకు? బెజవాడలో నేను చూడని బొమ్మ లేదు. రాత్రి ఎక్కడో రాణి వేషం వేసి, బస్సులో కునికిపాట్లు పడుతూ ఇల్లు చేరి, చెవుల వెనక రంగు సరిగా వదలకముందే మ్యాట్నీకి పరుగెత్తిన మనిషిని. అన్నిటిలోకీ ఇష్టమైన సినిమా ఏదని అడిగితే, నా పద్యాన్ని ఎత్తుకుపోయిన సినిమా అని చెబుతాను. ఆ మాట అనేసరికి పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను, వినండి.

సినిమా పేరు చెప్పను. నాటకం పేరూ చెప్పను. మనుషుల పేర్లు అసలే చెప్పను. తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఈ వయసులో ఎవరి వారసులతోనూ పంచాయితీ పెట్టుకునే ఓపిక నాకు లేదు. అయినా డెబ్బైల్లో మా నాటకం కంపెనీలో పేర్లతో పిలుచుకున్నదెవరు? రాజు వేషం వేసే పెద్దాయన్ని నేను బస్టాండులో కూడా "రాజుగారూ" అనే పిలిచేదాన్ని. టీ కొట్టువాడు నిజంగానే ఏ ఎస్టేటు మనిషో అనుకుని గ్లాసు రెండుసార్లు కడిగి ఇచ్చేవాడు. ఆయనకీ అదే కావాలి. హార్మోనియం వాయించే ఆయన బెజవాడ సాయిబు. అందరికీ మాస్టారు. మాట తక్కువ మనిషి. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు, నలభై దగ్గరపడ్డా నేను ఆయనకి అమ్మాయినే.

ముందు కథ తెలియాలి మీకు. ఒక రాజ్యం, దాని పక్కన ఏరు. ఏటా వరదొచ్చి ఏటిగట్టు తెగుతుంది, ఎన్నిసార్లు మట్టి పోసినా నిలవదు. రాజకుమారుణ్ణి కట్టలో పాతితేనే నిలుస్తుందని జోస్యులు చెబుతారు. రాజు సరేనంటాడు. ప్రజల కోసం కన్నకొడుకునే ఇచ్చేస్తున్నాడని సభంతా జేజేలు కొడుతుంటే రాణి వస్తుంది. పిలవని సభకి, పరదా తోసుకుని వస్తుంది. అదీ నా ప్రవేశం. అక్కడ నాకొక ఆటవెలది పద్యం. కట్ట తెగితే మళ్ళీ పోసుకోవచ్చు, కొడుకు పోతే ఏ మట్టి తెచ్చి పోస్తావని మొదటి మూడు పాదాల్లో అడుగుతుంది. నాలుగో పాదం ఇది: "కట్ట నీది రాజ, కడుపు నాది."

కృష్ణా డెల్టాలో కాలవ గట్లు తెగడం చూసిన జనానికి ఆ పద్యం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఆఖరి "నాది" దగ్గరే నా ఉద్యోగమంతా ఉంది. చల్లపల్లిలో ఆ మాట విసిరికొట్టినట్టు అంటే, కొండపల్లిలో మెల్లిగా, నాలో నేను అనుకున్నట్టు అనేదాన్ని. ముందుగా అనుకుని కాదు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలు చూస్తే గొంతుకే తెలిసేది. రాగం ఎంతసేపు తియ్యాలో కూడా అంతే. జనం కుదురుగా ఉంటే పొడుగు, ఆవులిస్తుంటే పొట్టి. మాస్టారు హార్మోనియం మెట్ల వైపు చూడకుండా నా ముఖం వైపే చూస్తూ వాయించేవారు. రాజుగారికి మాత్రం నా రాగం అంటే హడలు.

"నువ్వు రాగం ఎత్తుకుంటే నేను సింహాసనం మీద రాతిబొమ్మలా కూర్చోవాలి. ముక్కు మీద ఈగ వాలినా తోలుకునే దిక్కు లేదు. కొడుకు పోతున్న రాజు ఈగలు తోలుకుంటాడా చెప్పు?" అని గొణిగేవారు.

పైగా వన్స్ మోర్ ఒకటి. ఈ కాలం పిల్లలకి ఇది తెలియదు. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. అరిస్తే మళ్ళీ పాడాల్సిందే, కథ ఎక్కడున్నా సరే. మా మంత్రి కత్తిపోటు తిని పద్యం పాడి చచ్చిపోతే, జనం వన్స్ మోర్ అనేవారు. ఆయన లేచి కూర్చుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. నవ్వకండి. రెండోసారి చావే బాగుండేది.

అలాంటి నాటకాన్ని మద్రాసులో సినిమాగా తీశారు. బెజవాడలో విడుదలైన వారంలో నేనూ, రాజుగారూ, మాస్టారూ కలిసి వెళ్ళాం. బెంచీల్లో ఆడవాళ్ళు వేరుగా కూర్చోవాలి గనక, పక్కపక్కన కూర్చోవచ్చని కుర్చీ క్లాసుకే వెళ్ళాం. రాజుగారు పట్టు ఉత్తరీయం వేసుకొచ్చారు, తెర మీది రాజుకి తనే తాతనన్నట్టు.

సినిమా గొప్పగా ఉంది. గొప్పగా ఉంటే గొప్పగా ఉందనే చెప్పాలి. మా నాటకంలో వరద ఏమిటో తెలుసా? ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి నీలం చీరని ఊపడం. ఒకసారి చీర చిరిగి, వరద మధ్యలోంచి బీడీ పట్టుకున్న చెయ్యి కనిపించింది. సినిమాలో నిజం నీళ్ళు. ఎర్రటి నీళ్ళు గట్టు మీద నుంచి దూకుతుంటే బెంచీల మీది ఆడవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఇక రాణి వేషం వేసిన పిల్ల కళ్ళు! తెరంత ముఖం, కంటి చివర నీటిచుక్క ఆగి ఆగి జారింది. నేను ఎన్నేళ్ళు ఏడ్చినా నా కన్నీళ్ళు మూడో వరస దాటి కనిపించి ఉండవు. ఆ పిల్లని చూసి నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు?

ఇక పద్యం అందుకుంటుందని నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. పిల్ల నోరు తెరవలేదు. వయొలిన్లు మోగాయి. ఎక్కడి నుంచో మగగొంతు వచ్చింది. పద్యం లేదు, పాట. "కట్ట రాజుదంట, కడుపు తల్లిదంట" అని సాగదీస్తూ పాట. పిల్ల అలా నిలబడి ఏడుస్తూనే ఉంది.

"ఎవరండీ పాడేది?" అన్నాను రాజుగారి చెవిలో.

"నేపథ్యం."

"నేపథ్యమంటే?"

"అంటే... విధి పాడుతున్నట్టమ్మా."

"విధికి మగగొంతు ఎవరిచ్చారండీ?"

"ష్! వినవే తల్లీ, బాగుంది!"

బాగుంది. అదే నా బాధ. బాగుండకపోతే ఉమ్మేసి ఇంటికొచ్చేదాన్ని. ఆట వదిలాక రిక్షా కోసం నిలబడ్డప్పుడు మాస్టారు అన్నారు, "పాట బాగుందమ్మాయ్. పాడాల్సిన మనిషి పాడలా." ఇల్లు చేరేదాకా నాకు ఒకటే మంట. నా "నాది" కాస్తా "తల్లిది" అయిపోయింది. నాది అంటే దావా. తల్లిది అంటే జాలి. సభకొచ్చి దావా వేసిన ఆడదాన్ని తీసుకెళ్ళి జాలి పడాల్సిన ఆడదాన్ని చేశారు, అదీ పక్కింటాయన చెప్పినట్టు ఎవరో మగవాడితో చెప్పించి. అయినా ఆ సినిమాకి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. కళ్ళ కోసం వెళ్ళాను, వరద కోసం వెళ్ళాను, పాట దగ్గర తిట్టుకోడానికి వెళ్ళాను. తిట్టుకుంటూ చూసే సినిమా ఉంటుందే, దానంత ఇష్టమైంది ఇంకోటి ఉండదు.

పాట ఊళ్ళ మీద పడింది. పెళ్ళి పందిట్లో అదే, కాఫీ హోటల్లో అదే, రేడియోలో అదే. చల్లపల్లిలో మా నాటకం ఆడుతుంటే, నేను పద్యం ముగించానో లేదో వెనక నుంచి ఎవరో "సినిమా పాట పాడమ్మా!" అని అరిచాడు. అంతకు ముందు ఆ పద్యం తర్వాత నేను విన్నది వన్స్ మోర్ ఒక్కటే. ఆ అరుపుకి మాస్టారి చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది. ఏమీ విననట్టు తర్వాతి మాట అందుకున్నాను.

మా నాటకాలు ఊళ్ళల్లో పెట్టించే కంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. ఏ వేషం ఎవరికివ్వాలో ఆయన మాటే మాట. చెడ్డవాడని చెప్పను. గాలి ఎటు వీస్తే అటు తూర్పారబట్టుకునే రకం. ఉయ్యూరులో ఒక సినిమా హాలు వాళ్ళతో మాట్లాడి ఆదివారం ఆట ఒకటి కుదిర్చాడు. అదే హాల్లో, అదే కథ. ఉదయం తెర ముందున్న స్టేజీ మీద మా నాటకం, మధ్యాహ్నం మ్యాట్నీకి ఆ సినిమా. రిక్షాకి మైకు కట్టించి ఊరంతా తిప్పాడు: "పొద్దున మనుషులు! మధ్యాహ్నం బొమ్మ! రెండూ చూడండి, ఏది బాగుందో మీరే చెప్పండి!" అది విని నేనైతే మురిసిపోయాను. సరే చెప్పనీ, జనాన్నే చెప్పనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున సినిమా తెర వెనక, స్పీకర్ల పెట్టెల మధ్య కూర్చుని రంగు వేసుకుంటున్నాం. పంచదార ఫ్యాక్టరీ ఆడుతున్న రోజులు, ఊరంతా కాగుతున్న చెరుకు పాలవాసన. కంట్రాక్టరు వచ్చి నా వేషం సామాను పెట్టె మీద కూర్చున్నాడు. నా పెట్టె మీద ఎవరైనా కూర్చుంటే నాకు పడదని ఆయనకి తెలుసు.

"అమ్మా, ఇయ్యాల నీ పద్యం కాడ చిన్న మార్పు."

"ఏం మార్పండీ?"

"నువ్వు పాడక్కర్లా. సభలోకి రా, నిలబడు, ఏడువు. రాజుగారు చెయ్యెత్తుతారు. పైన క్యాబిన్లో ఆపరేటరు చూసుకుని సినిమా పాట రికార్డు వేస్తాడు. ఈ స్పీకర్లలో హాలంతా మోగిపోద్ది. నీ గొంతుకీ శ్రమ తప్పుద్ది."

"నా గొంతు మీద మీకు ఎప్పట్నుంచండీ ఇంత బెంగ?"

"ఎటకారాలొద్దమ్మా. జనం ఆ పాటకి పడిపోతున్నారు. చల్లపల్లిలో ఏం అడిగారో నువ్వు వినలా?"

"పాట మధ్యాహ్నం సినిమాలో ఉందిగా, అప్పుడు వింటారు. పొద్దున కూడా అదే వినిపించేట్టయితే ఇక నేనెందుకు? చెలికత్తె వేషం వేసే పిల్లకి నా చీర కట్టి నిలబెట్టండి, ఏడుస్తుంది."

ఒళ్ళు మండి అన్న మాట అది. ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. తాపీగా సిగరెట్టు నలుపుకుని, "అదీ అనుకున్నాంలే," అన్నాడు. "పిల్ల చూడ్డానికి బాగుంటది. నీ వయసు కూడా చూసుకోవాలి గదమ్మా. ఇయ్యాల నువ్వు చెప్పినట్టు చేస్తే రాణి వేషం నీదే. మొండికేస్తే వచ్చే ఆట నుంచి ఆ పిల్లే రాణి."

అదీ సంగతి. నా చేతిలో రంగు డబ్బా ఉండిపోయింది. ముఖం చూసి నాకెవరూ రాణి వేషం ఇవ్వలేదు, ఎప్పుడూ ఇవ్వలేదు. గొంతుకే ఇచ్చారు. ఇప్పుడు గొంతు మూసుకుంటే వేషం ఉంచుతానంటున్నాడు. గొంతు మూసుకున్న రాణి వేషం ఎన్నాళ్ళు ఉంటుంది? ఏడవడానికి ఎవరైనా చాలు, నాకన్నా బాగా ఏడ్చేవాళ్ళు బోలెడుమంది. ఎటు తిరిగినా నా వేషం పోయేటట్టే ఉంది.

రాజుగారు కిరీటం సర్దుకుంటూ, "ఒక్కరోజుకి సర్దుకోవే తల్లీ," అన్నారు.

"మీకేం, ముక్కు మీద ఈగ తోలుకోవచ్చు."

"నేను పోట్లాడే వయసులో లేనమ్మా. వేషం దొరికితే చాలనే వయసులో ఉన్నా." ఆ మాట అని ఆయన అద్దం వైపు తిరిగిపోయారు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. స్టేజీకి ఓ పక్కన హార్మోనియం ముందు కూర్చుని దాని గాలితిత్తి తుడుచుకుంటున్నారు. "మీరేమంటారు మాస్టారూ?"

"రికార్డుతో నేను పోటీపడలేనమ్మాయ్, నువ్వూ పడొద్దు. గొంతు చించుకోటం తప్ప ఏమీ రాదు. అయితే అదెప్పుడో అప్పుడు ఆగిపోద్దిగా. ఆగిన మరుక్షణం నీ శ్రుతి నా పెట్టెలో సిద్ధంగా ఉంటది. ఆ పైన నీ ఇష్టం."

నా దగ్గర ఏదో ఎత్తు ఉందని మీరు అనుకుంటున్నారేమో. ఏ ఎత్తూ లేదు. ఒళ్ళు మంట మాత్రం ఉంది.

హాలు నిండింది. ఆడవాళ్ళ వైపు బెంచీల మీద చోటు చాలక కింద కూడా కూర్చున్నారు. చెరుకు నరకడానికి వచ్చినవాళ్ళు, ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు. పరదా తోసుకుని సభలోకి వచ్చాను. రాజుగారు నా వైపు చూడకుండా చెయ్యెత్తారు.

నా వీపు వెనక వయొలిన్లు లేచాయి. స్పీకర్లు సరిగ్గా నా వెనకే, శబ్దం వీపు మీద చరిచినట్టు తగిలింది. పాట గుర్తుపట్టి హాలంతా చప్పట్లు. మగగొంతు నా కొడుకు గురించీ నా కడుపు గురించీ సావకాశంగా పాడుతోంది. నేను ఏడవలేదు. పక్కన తెర చాటు నుంచి కంట్రాక్టరు కళ్ళు తుడుచుకుంటున్నట్టు చేతులతో చూపిస్తున్నాడు, ఏడువు, ఏడువు అని. నేను రాజుగారినే చూస్తూ నిలబడ్డాను. ఆయన కిరీటం కింద నుంచి చెమట కారుతోంది. పాట అయిపోయింది. మళ్ళీ చప్పట్లు. ఇక ఆయన తన మాట అందుకోవాలి. ఆయన నోరు తెరిచేలోపు నేనే తెరిచాను.

"ప్రభూ! ఇప్పుడు ఈ సభలో పాడిన ఆ పురుషుడెవరు?"

ఈ మాట నాటకంలో లేదు. చాటున కంట్రాక్టరు తల పట్టుకోవడం నాకు కనిపిస్తోంది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. స్టేజీ మీద పుట్టి పెరిగిన నటుడు ఎదుటివాడు వేసిన మాటని కింద పడనివ్వడు. మాట తప్పయినా, వరస తప్పయినా, అందుకుని జవాబు చెప్పి కథలో కలిపేస్తాడు. ఇంట్లో పెళ్ళాం అడిగితే జవాబు చెప్పని మనిషి కూడా స్టేజీ మీద చెబుతాడు. రాజుగారు పోట్లాటలు వద్దన్న మనిషే, వేషం పోతుందని భయపడ్డ మనిషే. కానీ మాట వచ్చి ఒళ్ళో పడింది, ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఎవరో... కోట గోడ వెనక దారిన పోయే గాయకుడు, దేవీ!"

హాలు గొల్లుమంది. ఆ నవ్వు తన మాటకి వచ్చిందని తెలిసేసరికి రాజుగారి వెన్ను నిటారుగా లేచింది.

"దారిన పోయేవాడికి నా కడుపు సంగతి దేనికి ప్రభూ? నాకు నోరు లేదనుకున్నాడా?"

ఆడవాళ్ళ వైపు నుంచి "అట్టా అడుగు!" అని ఒక గొంతు లేచింది. రాజుగారు దర్జాగా చెయ్యి చాపారు. "నోరున్న రాణివని సభకి తెలుసు. పలుకు దేవీ, వింటున్నాం." అని, ఉత్తరీయం సర్దుకుని, రాతిబొమ్మలా కూర్చున్నారు. ఆ రోజు ఈగలు వాలాయో లేదో నాకు తెలియదు గాని, ఆయన కదల్లేదు.

మాస్టారి శ్రుతి అప్పటికే లేచింది. నేను పద్యం అందుకున్నాను. రాగం తీశాను, పొడుగ్గానే తీశాను. ఎవరూ ఆవులించలేదు. ఆఖరి పాదానికి వచ్చేసరికి కోపమంతా గొంతులోకి వచ్చి "నాది" అని అరుస్తాననుకున్నాను. అరవలేదు. ఈ చెంబు ఎవరిదని అడిగితే చెప్పినంత మామూలుగా వచ్చింది ఆ మాట. చంకన పిల్లాడున్న ఒకావిడ పిల్లాణ్ణి ఇటు నుంచి అటు మార్చుకుని గట్టిగా పట్టుకోవడం చూశాను. ఆ తర్వాత హాలు పైకప్పు లేచిపోయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఇక్కడ జరిగిందండీ అసలు తమాషా. పైన క్యాబిన్లో ఉన్న ఆపరేటరు సినిమా మనిషి. హాల్లో వన్స్ మోర్ అని అరిస్తే ఆయనకి తెలిసిన అర్థం ఒక్కటే, అదే పాట మళ్ళీ వెయ్యమని. ముల్లు తీసి రికార్డు మొదటికి పెట్టేశాడు. నా వీపు వెనక మళ్ళీ వయొలిన్లు! హాలంతా వెనక్కి తిరిగి క్యాబిన్ కంత వైపు అరిచింది. "ఒరేయ్, ఆపరా దాన్ని! ఆవిణ్ణి పాడనియ్యరా!" కిర్రుమని ముల్లు లాగిన చప్పుడు, పాట ఆగింది. కొడుకు పోతున్న రాణిని, నాకు నవ్వాగలేదు. రాజుగారు ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకుని, దుఃఖిస్తున్నట్టు భుజాలు ఎగరేస్తూ నవ్వారు. మాస్టారు ఒక్కరే నవ్వలేదు, శ్రుతి పట్టుకుని నా కోసం చూస్తున్నారు. రెండోసారి పాడాను. మొదటిసారి లాగా రాలేదు, రాదు కూడా. రికార్డుకీ నాకూ ఉన్న తేడా అదే. అది ఎన్నిసార్లు వేసినా ఒకేలా పాడుతుంది. నేను రెండోసారి పాడేటప్పటికి మొదటిసారి విన్న జనం నా ఎదుట ఉన్నారు. వాళ్ళకి చెప్పాల్సింది వేరే ఉంటుంది.

ఆట అయ్యాక కంట్రాక్టరు వచ్చాడు. "నీ అంత పొగరుబోతుని నా సర్వీసులో చూళ్ళా."

"ఇప్పుడు చూశారుగా. మళ్ళీ చూడాలన్నా దొరకను."

అన్నంత పనీ చేశాడు. వచ్చే ఆట నుంచి చెలికత్తె పిల్లే రాణి, రికార్డుతోనే. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు, అడిగితే చీర కుచ్చిళ్ళు ఎలా పట్టుకోవాలో కూడా చెప్పాను. నేను వేరే కంపెనీకి పోయాను. మాస్టారు నాతో వచ్చారు. రాజుగారు రాలేకపోయారు. ఆ కంపెనీ చిన్నది, ఊళ్ళు చిన్నవి, ఆటలు తక్కువ. నేను గెలిచానని మీకు కథ చెప్పడం లేదు. తలవంచి ఉంటే పెద్ద కంపెనీలో ఇంకొన్నాళ్ళు కిరీటం ఉండేదేమో. అయినా ఇవాళ మళ్ళీ అడిగినా అదే చేస్తాను, ఇంకాస్త గట్టిగా చేస్తాను. నాటకాన్ని సినిమా చంపలేదు పిల్లలూ. సినిమా తన పని తను చేసుకుంది, నిజం నీళ్ళు పోసింది, కళ్ళు చూపించింది. నాటకం మెడ వంచి "నువ్వూ సినిమాలాగా నిలబడు" అన్నవాళ్ళు చంపారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఊరుకుంటే బతికేదాన్ని వాతలు పెట్టి మరీ పాడు చేశారు. ఈ మాట రాసుకోండి అంటే, ఆ కాలేజీ పిల్లలు రాసుకోలేదు. వాళ్ళ జవాబు వాళ్ళ సంచిలోనే ఉంది.

సరే, ఆ ఆదివారం అక్కడితో అయిపోలేదు. నేను రంగు కడుక్కుని, మామూలు నేత చీర కట్టుకుని, మ్యాట్నీకి అదే హాల్లో ఆడవాళ్ళ బెంచీల మీద కూర్చున్నాను. పొద్దుటి వాళ్ళు చాలామంది మ్యాట్నీకీ వచ్చారు. కిరీటం లేకపోతే నన్నెవరు గుర్తుపడతారు? నా పక్కన ఒక పెద్దావిడ, చెరుకాకు కోసిన గీతలు మోచేతుల దాకా ఉన్నాయి.

"పొద్దున నాటకం చూశారా పెద్దమ్మా?" అన్నాను.

"చూడకేం! ఆ రాణమ్మ ఏం అడిగిందమ్మా మొగుణ్ణి! నిలబెట్టి అడిగింది. మా ఇళ్ళల్లో ఎవతి అడుగుద్ది అట్టా?"

నేనే ఆ రాణినని చెప్పాలని నాలుక దాకా వచ్చింది. ఎందుకో చెప్పలేదు. సినిమా మొదలైంది. వరద వచ్చినప్పుడు అందరం కాళ్ళు పైకి పెట్టుకున్నాం. సభ వచ్చింది. పిల్ల వచ్చింది. తెరంత ముఖం, ఆ కళ్ళు. నీటిచుక్క ఆగింది, జారింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఇప్పుడు చూడు అన్నట్టు. వయొలిన్లు మోగాయి. మగగొంతు మొదలైంది. పిల్ల ఏడుస్తూ నిలబడి ఉంది. పెద్దమ్మ కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. చివరికి నా చెయ్యి వదిలేసి లేచి నిలబడింది.

"ఏందే, ఏడుస్తావేందే? నోరు తెరిచి అడగవే!"

మగవాళ్ళ వైపు నుంచి "ఏయ్, కూర్చో!" అని ఎవరో కసిరారు. ఆవిడ కూర్చోలేదు. వెనక బెంచీ నుంచి ఇంకొకావిడ లేచింది. "అనవే తల్లీ, నాది అనవే!" చంకన పిల్లాణ్ణి వేసుకున్నావిడ కూడా లేచింది. తెర మీద ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం? తీసేటప్పుడే నోరు మూయించి తీశారు. పాట ఆఖరికి వస్తోంది, "కడుపు తల్లిదంట" అంటున్నాడు ఆయన. ఆ పిల్ల అనేటట్టు లేదని మాకు అర్థమైపోయింది. నేనూ లేచి నిలబడ్డాను. ఆ పిల్లకి బదులుగా, పాట ఒక్క ముక్క వినపడనంత గట్టిగా, ఆడవాళ్ళ వైపు నుంచి మేమే అన్నాం.